46 మ్యాచ్‌లు ముగిసినా తేలని లెక్క: ఇంగ్లండ్ రెండో శ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బుల సీజన్‌ను చదవడం ఎలా?

సంక్షిప్తంగా: ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద నడిచే లీగ్ పేరు ఛాంపియన్‌షిప్. అందులో ఒక క్లబ్బు సీజన్ ఎలా గడిచిందన్నది ఒక ప్రశ్న. వచ్చే సీజన్‌లో ఏమవుతుందన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి పాయింట్ల పట్టిక చాలావరకు జవాబు చెబుతుంది. రెండోదానికి జీతాల ఖర్చులో, దిగిపోయిన క్లబ్బులకు పై లీగ్ ఇచ్చే పారాచూట్ సొమ్ములో, యజమాని ఆర్థిక స్థితిలో వెతుక్కోవాలి. ఈ రెండు ప్రశ్నలూ ఎక్కడ విడిపోతాయో 2024-25 సీజన్ ఆధారంగా చూపే ప్రయత్నమిది.

2025 మే 24న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో షెఫీల్డ్ యునైటెడ్, సండర్లండ్ జట్లు ప్రీమియర్ లీగ్‌లో మిగిలిన ఒక్క చోటు కోసం ఛాంపియన్‌షిప్ ప్లేఆఫ్ ఫైనల్లో తలపడ్డాయి. 25వ నిమిషంలో టైరీస్ కాంప్‌బెల్ గోల్‌తో షెఫీల్డ్ ఆధిక్యంలోకి వెళ్లింది. కాసేపటికే హారిసన్ బరోస్ రెండో గోల్ కొట్టాడు. సంబరాలు మొదలయ్యాక వీడియో రిఫరీ కలగజేసుకున్నారు. సహచరుడొకడు ఆఫ్‌సైడ్‌లో ఉండి గోల్‌కీపర్‌కు అడ్డుగా నిలబడ్డాడని ఆ గోల్ రద్దయింది. 76వ నిమిషంలో ఎలీజర్ మయెండా స్కోరు సమం చేశాడు. 95వ నిమిషంలో, 19 ఏళ్ల టామ్ వాట్సన్ సండర్లండ్‌ను గెలిపించాడు. అతను ప్రీమియర్ లీగ్ క్లబ్బు బ్రైటన్‌కు వెళ్లిపోవడం అప్పటికే ఖాయమైంది.

లీగ్ దశ ముగిసేసరికి షెఫీల్డ్‌కు 90 పాయింట్లు, సండర్లండ్‌కు 76. పైగా ఫైనల్‌కు ముందు సండర్లండ్ తన చివరి ఐదు లీగ్ మ్యాచ్‌లూ వరుసగా ఓడింది. షెఫీల్డ్ గోల్‌ను చెరిపేసిన వీడియో సమీక్ష ఛాంపియన్‌షిప్ లీగ్ మ్యాచ్‌లలో లేనే లేదు. 46 మ్యాచ్‌లు ఒక పద్ధతిలో ఆడిన జట్టు, అన్నిటికన్నా విలువైన మ్యాచ్‌ను ఇంకో పద్ధతిలో ఆడవలసి వచ్చింది.

షెఫీల్డ్ కథ అంతటితో ఆగలేదు. జూన్‌లో మేనేజర్ క్రిస్ వైల్డర్ స్థానంలో రుబెన్ సెల్లెస్ వచ్చాడు. కొత్త సీజన్‌లో తొలి ఐదు లీగ్ మ్యాచ్‌లూ ఆ జట్టు ఓడిపోయింది. సెప్టెంబరులో సెల్లెస్‌ను తప్పించి వైల్డర్‌నే మళ్లీ పిలిచారు. మే నెలలో ప్రీమియర్ లీగ్‌కు పావుగంట దూరంలో నిలిచిన క్లబ్బు సెప్టెంబరుకల్లా పట్టిక అట్టడుగున ఉంది. ఈ లీగ్‌లో అంచనాలు తలకిందులవడం కొత్తేమీ కాదు. అయితే ప్రతిసారీ దాన్ని ‘ఆటలో ఇవన్నీ మామూలే’ అని కొట్టిపారేయడం మాత్రం సోమరి విశ్లేషణే.

పోటీ స్వరూపం

ఛాంపియన్‌షిప్‌లో 24 క్లబ్బులుంటాయి. ప్రతి క్లబ్బూ మిగతా వాటితో సొంత మైదానంలో ఒకసారి, బయట ఒకసారి ఆడుతుంది. ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు, లీగ్ మొత్తానికి 552. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి. 2024-25లో అమలైన నిబంధనల ప్రకారం మొదటి రెండు జట్లు నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళ్లాయి. మూడు నుంచి ఆరో స్థానం వరకు నిలిచిన నాలుగు జట్లు మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్స్ ఆడాయి. చివరి మూడు జట్లు లీగ్ వన్ అనే మూడో శ్రేణికి దిగిపోయాయి. పై లీగ్‌కు చేరడాన్ని ప్రమోషన్ అని, కిందికి జారడాన్ని రెలిగేషన్ అని అంటారు. ఐపీఎల్‌కు అలవాటుపడిన భారతీయ పాఠకుడికి ఈ రెండో మాట బరువు వెంటనే అందకపోవచ్చు. అక్కడ చివరి స్థానంలో నిలిచిన ఫ్రాంచైజీ వచ్చే ఏడాది అదే టోర్నీలో దర్జాగా ఆడుతుంది. ఇక్కడ ఆ జట్టు టీవీ ఆదాయంతో సహా చాలా పోగొట్టుకుంటుంది.

పట్టికలో అంతరాలు

2024-25 తుది పట్టికలో లీడ్స్, బర్న్లీ చెరో 100 పాయింట్లు సాధించాయి. గోల్ తేడాతో (కొట్టిన, ఇచ్చుకున్న గోల్స్ మధ్య వ్యత్యాసంతో) టైటిల్ లీడ్స్‌కు దక్కింది. షెఫీల్డ్ యునైటెడ్ 90, సండర్లండ్ 76, కవెంట్రీ 69, బ్రిస్టల్ సిటీ 68. ఆ తర్వాత బ్లాక్‌బర్న్, మిల్‌వాల్ చెరో 66. అడుగున 49 పాయింట్లతో లూటన్, 46తో ప్లిమత్, 44తో కార్డిఫ్ కింది లీగ్‌కు దిగిపోయాయి.

ఈ పట్టికలో స్థానాలకన్నా వాటి మధ్య అంతరాలు ఎక్కువ చెబుతాయి. మూడో, నాలుగో స్థానాల మధ్య 14 పాయింట్ల అగాధం ఉంది. ఏడో స్థానం నుంచి 22వ స్థానం దాకా పరుచుకున్న 16 జట్లన్నీ కలిపి 17 పాయింట్ల లోపే ఉన్నాయి. అంటే ప్లేఆఫ్స్ అంచున నిలిచిన జట్టుకూ రెలిగేట్ అయిన జట్టుకూ మధ్య తేడా, దాదాపు తొమ్మిది నెలల ఆటలో ఆరు మ్యాచ్‌ల ఫలితమంత. చివరి నిమిషంలో ఒక గోల్, రిఫరీ తప్పుడు నిర్ణయమొకటి, కీలక ఆటగాడి తొడ కండరం పట్టేయడం — ఇలాంటివి నాలుగైదు కలిస్తే చాలు, తొమ్మిదో స్థానం పందొమ్మిదో స్థానం అవుతుంది.

ప్లేఆఫ్స్, రెలిగేషన్ గీతలు కూడా ఏటా ఒకేచోట ఉండవు. ఆరో స్థానానికి 2021-22లో 75 పాయింట్లు, ఆ తర్వాతి మూడు సీజన్లలో వరుసగా 69, 73, 68 పాయింట్లు సరిపోయాయి. అడుగున 2023-24లో 50 పాయింట్లు తెచ్చుకున్న బర్మింగ్‌హామ్ రెలిగేట్ అయింది. మరుసటి ఏడాది 49 పాయింట్లతో హల్ సిటీ బతికి బయటపడింది. అవే 49 పాయింట్లున్న లూటన్ గోల్ తేడాతో మునిగింది. ‘ఫలానా క్లబ్బు 50 పాయింట్లకు చేరింది, ఇక భయం లేదు’ అన్న మాటకు ఏ సీజన్ సంగతన్నది తెలియకుండా అర్థం లేదు.

కాబట్టి మధ్య జట్ల సీజన్‌ను తూచేటప్పుడు స్థానం మీద పెద్ద సిద్ధాంతాలు కట్టడం ప్రమాదం. మొదటి మూడు జట్ల విషయం వేరు. 90, ఆపైన పాయింట్లు అదృష్టంతో రావు. అవి ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలంటే మైదానం నుంచి ఖాతాపుస్తకాల వైపు తిరగాలి.

పారాచూట్ సొమ్ము

2024-25 ప్రీమియర్ లీగ్‌లో 12 పాయింట్లతో అట్టడుగున నిలిచిన సౌతాంప్టన్‌కు లీగ్ నుంచి అందింది సుమారు 11 కోట్ల పౌండ్లు. రూపాయల్లో అది వెయ్యి కోట్లకు పైమాటే. ఒక్క మెట్టు కింద, ఛాంపియన్‌షిప్‌లోని మామూలు క్లబ్బుకు టీవీ హక్కులు, ప్రీమియర్ లీగ్ ఇచ్చే సంఘీభావ నిధి కలిపినా వచ్చేది కోటి పౌండ్ల పైచిలుకు మాత్రమే.

పై నుంచి పడ్డ క్లబ్బు ఒక్కసారిగా ఈ లోయలో పడితే జీతాలు కట్టలేక మూతపడుతుంది. అందుకే ‘పారాచూట్ చెల్లింపులు’ పుట్టాయి. రెలిగేట్ అయిన క్లబ్బుకు మొదటి ఏడాది ప్రీమియర్ లీగ్ క్లబ్బులకు సమానంగా పంచే ప్రసార ఆదాయంలో 55 శాతం, రెండో ఏడాది 45 శాతం, మూడో ఏడాది 20 శాతం ఇస్తారు. పై లీగ్‌లో ఒక్క సీజనే ఉండి దిగినవారికి మూడో ఏడాది వాటా ఉండదు. మొదటి ఏడాది మొత్తం దాదాపు 5 కోట్ల పౌండ్లు. పక్క క్లబ్బుకు వచ్చేదానికి అది నాలుగైదు రెట్లు.

ఫలితం పట్టికలో కనిపిస్తుంది. 2023-24లో మొదటి నాలుగు స్థానాలు లెస్టర్, ఇప్స్‌విచ్, లీడ్స్, సౌతాంప్టన్‌లవి. ఇప్స్‌విచ్ తప్ప మిగతా మూడూ అంతకు ముందు ఏడాదే ప్రీమియర్ లీగ్ నుంచి దిగినవి. 2024-25లో లీడ్స్, బర్న్లీ, షెఫీల్డ్ యునైటెడ్, సండర్లండ్. ఇక్కడా మొదటి మూడూ పారాచూట్ క్లబ్బులే. రెండేళ్లలో ఎనిమిది స్థానాలకు ఆరు వాటికే దక్కాయి.

ఇలా ఎక్కిన జట్లు ఆ రెండేళ్లూ పైన నిలబడలేకపోయాయన్నది ఇంకో విచిత్రం. 2023-24 ప్రీమియర్ లీగ్‌లో కొత్తగా వచ్చిన లూటన్, బర్న్లీ, షెఫీల్డ్ మూడూ దిగిపోయాయి. 1997-98 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లదీ అదే గతి. ఆ మూడూ కలిసి తెచ్చుకున్న పాయింట్లు 59. 2022-23లో 101 పాయింట్లతో ఛాంపియన్‌షిప్‌ను ఏలిన బర్న్లీ పైన 24 పాయింట్లే చేసింది. కిందికొచ్చి మళ్లీ 100 చేసింది. బావి గిలక మీద చేదలాగా పైకీ కిందికీ తిరిగే ఇలాంటి క్లబ్బు బలమైనదా, బలహీనమైనదా అని అడిగితే రెండూ నిజమే. కింది లీగ్ ఆదాయానికి అది మరీ పెద్దది, పై లీగ్ ఆదాయానికి మరీ చిన్నది.

అలాగని పారాచూట్ ఉంటే చాలదు. 2024-25లో లూటన్‌కూ ఆ సొమ్ము అందింది. దాదాపు 12 వేల మంది పట్టే కెనిల్‌వర్త్ రోడ్ మైదానం నుంచి, 2014లో ఐదో శ్రేణి గెలిచి, 2023 నాటికి ప్రీమియర్ లీగ్ చేరిన క్లబ్బది. పై నుంచి దిగిన ఏడాదే మళ్లీ జారి మూడో శ్రేణిలో పడింది. మేనేజర్ రాబ్ ఎడ్వర్డ్స్ జనవరిలో వెళ్లిపోయాడు. చివరి రోజు వెస్ట్ బ్రామ్ చేతిలో 5-3తో ఓడి కథ ముగిసింది. సొమ్ము పడిపోయే వేగాన్ని తగ్గిస్తుంది తప్ప నేల మీద ఎలా దిగాలో నేర్పదు.

బర్న్లీ 16 గోల్స్ లెక్క

ఆర్థిక బలం పక్కనబెట్టి ఆటనే చూద్దాం. 2024-25లో బర్న్లీ 46 మ్యాచ్‌లలో ఇచ్చుకున్న గోల్స్ 16. ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు 30. ఓడినవి రెండే. ఈ అంకెలను ఇంగ్లండ్ ఫుట్‌బాల్ విశ్లేషకులు రెండు రకాలుగా చదివారు. మేనేజర్ స్కాట్ పార్కర్ అద్భుతమైన రక్షణ వ్యవస్థ నిర్మించాడన్నది ఒకటి. గోల్‌కీపర్ జేమ్స్ ట్రాఫర్డ్ అసాధారణంగా ఆడాడన్నది రెండోది.

ఈ రెండింటినీ విడదీయడానికి ‘ఎక్స్‌జీ’ అనే కొలత వాడతారు. ప్రతి షాట్‌కూ, అది కొట్టిన దూరం, కోణం వంటివి చూసి, గోల్ అయ్యే అవకాశం ఎంతో అంకె వేస్తారు. పెనాల్టీకి అది సుమారు 0.78. ముప్ఫై గజాల నుంచి కొట్టిన షాట్‌కు 0.03 లాంటిది. ప్రత్యర్థులకు దక్కిన అవకాశాలన్నీ కూడితే, ‘మామూలుగా ఇన్ని గోల్స్ పడాలి’ అన్న అంచనా వస్తుంది. బర్న్లీ విషయంలో ఆ అంచనా 16 కన్నా బాగా ఎక్కువ. అంటే వ్యవస్థ మంచిదే. దాని మీద గోల్‌కీపర్ ప్రతిభ, కొంత అదృష్టం అదనంగా కలిశాయి.

2025 జనవరిలో సొంతగడ్డ మీద సండర్లండ్‌తో ఆడిన మ్యాచ్ చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఆట చివరి నిమిషాల్లో సండర్లండ్‌కు రెండు పెనాల్టీలు దక్కాయి. విల్సన్ ఇసిడోర్ రెండూ కొట్టాడు, ట్రాఫర్డ్ రెండూ ఆపాడు. స్కోరు 0-0. ఎక్స్‌జీ లెక్కలో అవి ఒకటిన్నర గోల్స్. పట్టికలో సున్నా.

భవిష్యత్తు అంచనాకు ఇక్కడే పని ఉంది. ఆ వేసవిలో ట్రాఫర్డ్ మాంచెస్టర్ సిటీకి, డిఫెండర్ ఈగన్-రైలీ ఫ్రాన్స్ క్లబ్బు మార్సేకు వెళ్లిపోయారు. 16 అన్న అంకెకు కారణమైన వాళ్లు వెళ్లాక, ఆ అంకెను పట్టుకుని కొత్త సీజన్‌ను ఊహించడం నిరుడు కురిసిన వాన చూసి ఈ ఏడు నాట్లు వేయడమే.

మేనేజర్ మారితే ఏమవుతుంది?

ఛాంపియన్‌షిప్‌లో మేనేజర్ల కుర్చీ నిలకడలేనిదని అందరూ అంటారు. ఒకే మనిషి ప్రయాణం మూడు క్లబ్బుల తలరాతను ఎలా తాకిందో జాన్ యూస్టస్ ఉదాహరణ చెబుతుంది.

2023 అక్టోబరులో బర్మింగ్‌హామ్ సిటీ ఆరో స్థానంలో ఉండగా కొత్త యజమానులు యూస్టస్‌ను తప్పించారు. ‘దూకుడు ఆట’ పేరుతో వేన్ రూనీని తెచ్చారు. రూనీ 15 మ్యాచ్‌లలో రెండే గెలిచి జనవరిలో పదవి పోగొట్టుకున్నాడు. అప్పటికి జట్టు 20వ స్థానంలో ఉంది. సీజన్ చివర రెలిగేట్ అయింది. యూస్టస్ 2024 ఆరంభంలో బ్లాక్‌బర్న్ చేరి, చివరి రోజున ఆ జట్టును కాపాడాడు. మరుసటి సీజన్‌లో దాన్ని ఐదో స్థానంలో నిలిపి, 2025 ఫిబ్రవరిలో డర్బీకి వెళ్లిపోయాడు. బ్లాక్‌బర్న్ రెండు పాయింట్ల తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. డర్బీ ఒక్క పాయింటు తేడాతో గండం గట్టెక్కింది.

దీన్నిబట్టి మేనేజరే సర్వస్వమని తీర్మానించడానికి లేదు. రెలిగేట్ అయిన బర్మింగ్‌హామ్ మూడో శ్రేణిలో 111 పాయింట్ల రికార్డుతో ఏడాదిలోనే తిరిగొచ్చింది. ఆ శ్రేణిలో ఎవరూ పెట్టనంత డబ్బు యజమానులు పెట్టారు. మేనేజర్ మార్పు ప్రభావం ఎక్కువగా ఉండేది మధ్య జట్లలో. ఎందుకంటే అక్కడ ఆరేడు పాయింట్లే తలరాత మారుస్తాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 2021-22లో తొలి ఏడు మ్యాచ్‌లకు ఒక్క పాయింటుతో అడుగున పడి ఉంది. స్టీవ్ కూపర్ వచ్చాక నాలుగో స్థానానికి ఎగబాకి, ప్లేఆఫ్స్ గెలిచి ప్రీమియర్ లీగ్ చేరింది. జట్టులో సత్తా ముందే ఉంది, వాడుకునేవాడు తరువాత వచ్చాడు.

బ్లాక్‌బర్న్: కోడిగుడ్ల సామ్రాజ్యం, ఈవుడ్ పార్క్

ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో, ఈవుడ్ పార్క్ సొంత మైదానంగా ఆడే బ్లాక్‌బర్న్ రోవర్స్ 1994-95లో ప్రీమియర్ లీగ్ ఛాంపియన్. 2010 నవంబరులో దాన్ని 2.3 కోట్ల పౌండ్లకు కొన్నది పుణె కేంద్రంగా నడిచే వెంకీస్ సంస్థ. ఆ వ్యాపార సమూహాన్ని 1971లో నెలకొల్పినది బండ వాసుదేవరావు. తెలుగు పత్రికల్లో రోజూ కనిపించే కోడిగుడ్ల ధరను ప్రకటించే జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పాటుకు నాయకత్వం వహించిందీ ఆయనే. ఆయన 1996లో మరణించాక పగ్గాలు అందుకున్న తర్వాతి తరం ఈ క్లబ్బును కొన్నది.

కొన్న నెలలోనే అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తప్పించారు. 2012లో క్లబ్బు ప్రీమియర్ లీగ్ నుంచి, 2017లో ఛాంపియన్‌షిప్ నుంచి జారింది. 2018లో తిరిగి రెండో శ్రేణికి వచ్చింది. తొలి ఏళ్ల నిర్ణయాల మీద అభిమానుల ఆగ్రహం ఇప్పటికీ చల్లారలేదు. అదే సమయంలో, ఏటా వచ్చే నష్టాన్ని పూడ్చుతున్నదీ ఆ యజమానులే. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా బ్లాక్‌బర్న్ పరిస్థితి అర్థం కాదు.

ఆ క్లబ్బు ఇటీవలి సీజన్లను వరుసగా చూస్తే: 2022-23లో 69 పాయింట్లు, ఏడో స్థానం. అవే 69 పాయింట్లున్న సండర్లండ్ గోల్ తేడాతో ప్లేఆఫ్స్ చేరింది. 2023-24లో 53 పాయింట్లు, 19వ స్థానం. చివరి రోజు లెస్టర్ మైదానంలో 2-0తో గెలిస్తే గానీ గండం గడవలేదు. 2024-25లో 66 పాయింట్లు, మళ్లీ ఏడో స్థానం. పట్టిక మాత్రమే చూసేవారికి ఇది ఎగుడుదిగుడు. ఖాతాలు చూసేవారికి ఒకే వాలు. మధ్యలో 2024 ఫిబ్రవరిలో, సొంత అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మారు. అదే సీజన్‌లో 27 లీగ్ గోల్స్ కొట్టి లీగ్ టాప్ స్కోరర్‌గా నిలిచిన సామీ స్మోడిక్స్ వేసవిలో ఇప్స్‌విచ్‌కు వెళ్లాడు. 27 గోల్స్ కొట్టేవాడు ఉండి కూడా జట్టు 19వ స్థానంలో ముగించిందంటే, మిగతా జట్టు ఎంత పలచగా ఉందో ఊహించవచ్చు.

ఆటగాళ్ల అమ్మకం అవసరం ఒక్కసారిగా పెరగడానికి కారణం ఇంగ్లండ్‌లో కాదు, ఢిల్లీలో ఉంది. విదేశాలకు పంపిన నిధులపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ నేపథ్యంలో, 2023 నుంచి క్లబ్బుకు డబ్బు పంపాలంటే యజమానులు ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవలసి వచ్చింది. పంపే మొత్తానికి సమానంగా బ్యాంకు గ్యారంటీ కూడా చూపవలసి వచ్చింది. లాంకషైర్‌లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఏ ఆటగాణ్ని కొనగలదో ఢిల్లీలోని కోర్టు వాయిదా తేదీని బట్టి తేలే పరిస్థితి. ఏ ఎక్స్‌జీ పట్టికా ఈ సంగతి చెప్పదు.

మైదానం బయట పోయే పాయింట్లు

యజమాని మీద ఆధారపడటం బ్లాక్‌బర్న్‌కే పరిమితం కాదు. ఛాంపియన్‌షిప్ క్లబ్బులన్నీ కలిపి తమ మొత్తం ఆదాయం కన్నా ఎక్కువ జీతాలకే ఖర్చు చేసిన సీజన్లు ఇటీవలి దశాబ్దంలో ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. వంద రూపాయలు సంపాదించి నూట అయిదు జీతం ఇచ్చే దుకాణం ఎక్కడైనా నడుస్తుందా అంటే, ఇక్కడ నడుస్తుంది. పై లీగ్ చేరితే అన్నీ తీరిపోతాయన్న ఆశే దానికి పెట్టుబడి. ఒక్క ప్లేఆఫ్ ఫైనల్ గెలుపు విలువ మూడేళ్లలో 20 కోట్ల పౌండ్లకు తక్కువ ఉండదని అంచనా.

ఈ జూదానికి పగ్గం వేయడానికే లాభ-స్థిరత్వ నిబంధనలున్నాయి. 2024-25 నాటి నిబంధనల ప్రకారం, మూడేళ్లూ ఛాంపియన్‌షిప్‌లో ఉన్న క్లబ్బు ఆ కాలంలో చూపదగిన నష్టం 3.9 కోట్ల పౌండ్లు. దాటితే పాయింట్ల కోత. కొందరు యజమానులు స్టేడియాన్ని తమ సొంత కంపెనీకే అమ్మి లాభం చూపించిన సందర్భాలున్నాయి. డర్బీ, షెఫీల్డ్ వెన్స్‌డే, రెడింగ్ ఆ దారి పట్టినవే. ఆ మూడూ తరువాత చిక్కుల్లో పడ్డాయి.

డర్బీ 2021-22లో మైదానంలో 55 పాయింట్లు సంపాదించింది. ఆ ఏడాది సురక్షితంగా ఉండటానికి అవి చాలు. దివాలా ప్రక్రియలోకి వెళ్లినందుకు 12, ఖాతాల ఉల్లంఘనలకు 9, మొత్తం 21 పాయింట్లు పోయి, 34తో రెలిగేట్ అయింది.

షెఫీల్డ్ వెన్స్‌డే ఉదాహరణ మరింత తాజాది. 2024-25లో 58 పాయింట్లతో 12వ స్థానం. పట్టికలో అంతకన్నా ప్రశాంతమైన చోటు ఉండదు. కానీ ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు ఆలస్యం కావడం ఆ సీజన్ ముగియకముందే మొదలైంది. వేసవిలో మేనేజర్ డానీ రోల్ వెళ్లిపోయాడు. 2025 అక్టోబరు 24న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే అప్పుల పరిష్కారం కోసం నిర్వహణ బయటి అధికారుల చేతికి పోయింది. 12 పాయింట్ల కోతతో ఆరు నుంచి మైనస్ ఆరుకు పడింది. డిసెంబరులో ఇంకో ఆరు పోయాయి. 12వ స్థానాన్ని చూసి ‘ఫర్వాలేదు’ అన్నవారు చూడని పేజీ జీతాల పేజీ.

అమ్ముతూ ఎదిగినవారు

ఇంకో దారీ ఉంది. బ్రెంట్‌ఫర్డ్ 2019లో నీల్ మోపేను, 2020లో ఓలీ వాట్కిన్స్‌ను, ఆ తర్వాత బెన్‌రామాను అమ్ముకుంటూనే 2021లో ప్లేఆఫ్స్ గెలిచింది. పై శ్రేణిలో ఆ క్లబ్బు అంతకుముందు ఆడింది 1946-47లో. అమ్మకానికి ముందే ప్రత్యామ్నాయాన్ని వెతికిపెట్టుకోవడం వారి పద్ధతి. బ్లాక్‌బర్న్ కూడా అమ్మింది కదా అనే ప్రశ్న రావచ్చు. తేడా డబ్బు ఎక్కడికి పోయిందన్నదే. బ్రెంట్‌ఫర్డ్‌లో అది తర్వాతి ఆటగాడయింది, బ్లాక్‌బర్న్‌లో నెలవారీ ఖర్చయింది.

సండర్లండ్ దారీ దీనికి దగ్గరిదే. 2017లో, 2018లో వరుసగా రెండు మెట్లు జారి నాలుగేళ్లు మూడో శ్రేణిలో గడిపిన క్లబ్బు అది. పారాచూట్ సొమ్ము ఎప్పుడో అయిపోయింది. 2021లో వచ్చిన యువ యజమాని కిరిల్ లూయీ-డ్రేఫుస్ హయాంలో కుర్రాళ్లను కొని, ఆడించి, విలువ పెంచే పద్ధతి పట్టారు. 2023-24లో 16వ స్థానంలో ముగిసినా ఆ పద్ధతి మార్చలేదు. రెజీస్ లె బ్రీ వచ్చాక అదే కుర్ర జట్టు నాలుగో స్థానానికి చేరింది. పైకి వెళ్లిన వేసవిలో జోబ్ బెల్లింగ్‌హామ్‌ను డార్ట్‌మండ్‌కు అమ్మి, గ్రానిట్ జాకా వంటి అనుభవజ్ఞులను తెచ్చి, పది కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు చేశారు. 16వ స్థానాన్ని చూసి ఆ క్లబ్బుకు భవిష్యత్తు లేదన్నవారూ, 76 పాయింట్లను చూసి వీరు పైన నిలవలేరన్నవారూ ఒకే పొరపాటు చేశారు.

నియంత్రణ సంస్థ, పంపకాల పేచీ

2025 జులై 21న బ్రిటన్‌లో ఫుట్‌బాల్ పాలన చట్టానికి రాజముద్ర పడింది. దాని కింద స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. క్లబ్బులకు లైసెన్సులివ్వడం, యజమానుల ఆర్థిక స్థితిని పరీక్షించడం దాని పనులు. వెన్స్‌డే లాంటి పతనాలను ముందే పసిగట్టాలన్నది ఉద్దేశం. ఆటగాళ్ల జీతాలు ఆగాక కాక, ఆగబోయే ముందే యజమానిని నిలదీసే అధికారం వాడితే దాని ప్రభావం మొదట కనిపించేది ఛాంపియన్‌షిప్‌లోనే.

అంతకన్నా పెద్ద చిక్కు ఆదాయ పంపకం. ప్రీమియర్ లీగ్‌కూ, కింది మూడు శ్రేణులను నడిపే ఈఎఫ్ఎల్‌కూ మధ్య ఏళ్ల తరబడి చర్చలు జరిగినా ఒప్పందం కుదరలేదు. పారాచూట్ చెల్లింపులు పోటీని వంకర చేస్తున్నాయని ఈఎఫ్ఎల్ వాదన. అవి లేకపోతే పైకొచ్చిన క్లబ్బులు జట్టు మీద డబ్బు పెట్టడానికే జంకుతాయన్నది ప్రీమియర్ లీగ్ జవాబు. రెండు వాదనల్లోనూ పస ఉంది. రాజీ కుదరనప్పుడు జోక్యం చేసుకునే అధికారాన్ని, పారాచూట్ సొమ్మును కూడా లెక్కలోకి తీసుకునే వీలును, చట్టం నియంత్రణ సంస్థకు ఇచ్చింది.

ఆ సొమ్ము తగ్గితే మొదట నష్టపోయేవి బర్న్లీ, లెస్టర్ తరహా క్లబ్బులు. లాభపడేవి ఏళ్లుగా పట్టిక మధ్యలో ఊగుతున్న బ్రిస్టల్ సిటీ, మిల్‌వాల్, బ్లాక్‌బర్న్‌ల వంటివి. తగ్గకపోతే 2023-24, 2024-25 పట్టికల తీరే కొనసాగుతుంది, నడుమ నడుమ ఒక ఇప్స్‌విచ్, ఒక సండర్లండ్ దాన్ని చీల్చుకుని పైకి వస్తాయి. ఈఎఫ్ఎల్ 72 క్లబ్బుల కోసం కుదుర్చుకున్న 93.5 కోట్ల పౌండ్ల అయిదేళ్ల టీవీ ఒప్పందం 2028-29 సీజన్‌తో ముగుస్తుంది. ఏడాదికి పంచితే అది 18.7 కోట్ల పౌండ్లు. వెంబ్లీలో ఒక్క మధ్యాహ్నం గెలిచే జట్టుకు మూడేళ్లలో దక్కుతుందన్న మొత్తం కన్నా తక్కువ.